డ్రైవరు ఎక్కడ పడుకుంటాడు?

కార్తీకమాసం వచ్చినదంటే కోనసీమలో వనభోజనాలతో పాటు కొండ ప్రయాణాల సన్నాహాలు కూడా మొదలవుతాయి. పూర్వ విద్యార్థులు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, ఒకే వీధివారు, భజన బృందాలు, మహిళా సంఘాలు ఇరవై మంది చొప్పున కలిసి ఒక టెంపో ట్రావెలరో, మినీ బస్సో మాట్లాడుకుని మన్యం దారి పడతారు. మారేడుమిల్లి, లంబసింగి, పాడేరు, అరకు ఇప్పుడు అమలాపురం, రాజోలు, కొత్తపేట వారికి కొత్త ఊర్లు కావు. సముద్రమట్టానికి నాలుగైదు మీటర్ల ఎత్తున, కాలువ గట్ల నడుమ జీవితమంతా గడిపేవారికి మంచు కమ్మిన లోయను చూడాలన్న కోరిక కలగడం సహజం. ఆ కోరికను నేను తప్పు పట్టను. డెబ్బయి ఏళ్ళు దాటిన నేను సైతం అరకు వెళ్ళి వచ్చినవాడనే.

ప్రయాణానికి ముందు చాలామంది నా సలహా కోసం వస్తారు. ఘాట్ రోడ్డులో వాంతులు కాకుండా ఏ మాత్ర వేసుకోవాలి? ఏజెన్సీలో దోమలు కుడితే మలేరియా వస్తుందా? బి.పి. మాత్ర ఏ వేళకు మింగాలి? ఇన్సులిన్ చలికి పాడవుతుందా? ఇవన్నీ అడగవలసిన ప్రశ్నలే. తిరిగి వచ్చిన తరువాత నెల రోజుల లోపల చలిజ్వరం వస్తే రక్తపరీక్ష చేయించుకోవాలని, మన్యం వెళ్ళిన సంగతి వైద్యునికి చెప్పాలని నేను తప్పక చెబుతాను. కాని ఇన్నేళ్ళలో ఏ బృంద నాయకుడూ నన్ను అడగని ప్రశ్న ఒకటి ఉన్నది. ఇరవై మంది ప్రాణాలను చేతిలో పెట్టుకుని కొండ ఎక్కించి దింపే మనిషి ఆ రెండు రాత్రులూ ఎక్కడ పడుకుంటాడు? ఎన్ని గంటలు పడుకుంటాడు?

మందుల సంచిలో జ్వరం మాత్ర, ఓ.ఆర్.ఎస్. పొట్లం, దూది, అయోడిన్ అన్నీ ఉంటాయి. డ్రైవరు నిద్రకు మాత్రం మన కార్యక్రమంలో ఒక్క గంట ఉండదు. మన బృంద ప్రయాణాలలో అన్నిటికంటే పెద్ద ఆరోగ్య ప్రమాదం ఇదే. దీనిని కల్పిస్తున్నది కొండ కాదు, వాన కాదు, విధి అంతకంటే కాదు. బయలుదేరడానికి వారం ముందు మనమే కూర్చుని తయారు చేసే కార్యక్రమ పత్రం దీనిని కల్పిస్తున్నది.

ఆ పత్రాన్ని ఒకసారి లెక్క వేయండి

వాట్సాప్‌లో తిరిగే అటువంటి పత్రాల నమూనా ఇలా ఉంటుంది. శుక్రవారం రాత్రి 9 గంటలకు అమలాపురం గడియార స్తంభం వద్ద బయలుదేరుట. కొత్తపేట, రావులపాలెంలలో మిగిలినవారిని ఎక్కించుకొనుట. శనివారం తెల్లవారుజామున లంబసింగిలో మంచు, సూర్యోదయ దర్శనం. ఆపై చింతపల్లి, కొత్తపల్లి జలపాతం, పాడేరు మీదుగా సాయంత్రానికి అరకు. రాత్రి చలిమంట, ఆటపాటలు. ఆదివారం కాఫీ తోటలు, గిరిజన మ్యూజియం, బొర్రా గుహలు, సాయంత్రం అనంతగిరి ఘాట్ దిగి విశాఖలో భోజనం. సోమవారం తెల్లవారేసరికి ఇల్లు.

ఇది ప్రయాణికుని కళ్ళతో చదివితే ముచ్చటగా ఉంటుంది. రెండు సెలవు దినాలలో ఎన్ని చోట్లు! ఇప్పుడు డ్రైవరు గడియారంతో చదవండి. అతడు శుక్రవారం ఉదయం ఆరింటికే లేచి ఉంటాడు. పగటిపూట బండి ఊరికే ఉండదు. ఏదో ఒక కిరాయి ఉంటుంది. నర్సీపట్నం దాటి లంబసింగి ఘాట్ ఎక్కే వేళకు శనివారం ఉదయం నాలుగు గంటలు. అప్పటికి అతడు మెలకువగా ఉన్నది 22 గంటలు. మనం మంచులో ఫోటోలు దిగుతున్నంతసేపు సీటులో అరగంట కునుకు తీస్తాడు. తరువాత పగలంతా పాడేరు మలుపులు. అరకు చేరేసరికి సాయంత్రం ఏడు. ముప్పయి ఏడు గంటలు గడిచినవి. మధ్యలో నిద్ర అనదగినది లేదు.

ఆ రాత్రయినా పడుకుంటాడా? గదులు మనకు. అతనికి బండిలో వెనుక సీటు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. మార్గశిర, పుష్య మాసాలలో రాత్రి చలి ఎముకలు కొరుకుతుంది. రేకుల బండిలో పలుచని దుప్పటి కప్పుకున్నవానికి నిద్ర ఎంత పట్టగలదు? పైగా అర్ధరాత్రి చలిమంట దగ్గర నుండి ఎవరో వచ్చి మంచినీళ్ళ సీసాలు తేవాలని బండి తీయిస్తారు. ఆదివారం మళ్ళీ ఉదయం ఆరు నుండి సోమవారం ఉదయం నాలుగు వరకు మరో 22 గంటలు. మనల్ని ఇళ్ళ ముందు దింపి, ఏడింటికి అతడు మరొక కిరాయికి పోతాడు.

ఈ లెక్కలో నేను అతిశయోక్తి ఏమీ చేర్చలేదు. మీరు వెళ్ళి వచ్చిన చివరి ప్రయాణం పత్రం తీసి, ఇదే విధంగా పక్కన గంటలు వేసుకుని చూడండి.

నిద్రలేమి అలవాటు కాదు, మత్తు

మెలకువగా ఉన్న ప్రతి గంటా మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. అది నిద్రను కోరే అప్పు వంటిది. దానిని తీర్చే మార్గం నిద్ర ఒక్కటే. దీనికి తోడు మన శరీరంలో ఒక అంతర్గత గడియారం ఉన్నది. తెల్లవారుజామున రెండు నుండి ఐదు గంటల మధ్య, మళ్ళీ మధ్యాహ్న భోజనానంతరం రెండు నుండి నాలుగు గంటల మధ్య అది మనిషిని నిద్రవైపు లాగుతుంది. అప్పు, గడియారం రెండూ కలిసి ఒకేసారి పని చేసే వేళ తెల్లవారుజాము. మన కార్యక్రమ పత్రాలు ఘాట్ రోడ్డును సరిగ్గా ఆ వేళకే ఏర్పాటు చేస్తున్నవి, సూర్యోదయం చూడాలి కనుక.

1997లో డాసన్, రీడ్ అనే పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రతి బండి యజమానీ తెలుసుకోవాలి. ఎడతెగక 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చేతి, కంటి నైపుణ్యం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి దిగజారుతుంది. 24 గంటలు దాటితే అది 0.10 శాతం మద్యంతో సమానమవుతుంది. మన దేశంలో వాహనం నడిపేవారి రక్తంలో చట్టం అనుమతించే మద్యం 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు, అనగా 0.03 శాతం. పై నమూనా పత్రంలోని డ్రైవరు చుక్క ముట్టకుండానే లంబసింగి ఘాట్ వద్దకు ఆ పరిమితికి రెండు మూడు రెట్ల మత్తులో చేరుకుంటాడు.

తాగిన డ్రైవరు బండి ఎక్కమంటే మనలో ఒక్కరూ ఎక్కము. వాసన వస్తే ఆడవారు పిల్లలను దింపేస్తారు. నిద్రలేని డ్రైవరుకు వాసన ఉండదు. పోలీసు గొట్టంలో ఊదితే సున్నా చూపుతుంది. అందుచేత మనం నిశ్చింతగా కూర్చుంటాము.

ఇక్కడ సూక్ష్మనిద్ర గురించి చెప్పాలి. తీవ్రమైన నిద్రలేమిలో మెదడు మూడు నాలుగు సెకన్లపాటు తనంతట తానే ఆగిపోతుంది. కళ్ళు ఒక్కొక్కసారి తెరిచే ఉంటాయి. చూసేవారికే కాదు, అది వచ్చినట్లు ఆ మనిషికి కూడా తెలియకపోవచ్చు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. మూడు సెకన్లకు 33 మీటర్లు. ఘాట్ రోడ్డులో ఒక మలుపుకు, ఇంకొక మలుపుకు మధ్య అంత దూరం లేని చోట్లు ఎన్నో ఉన్నవి. ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన కాలంలో రాత్రి ప్రమాదాల బాధితులతో పాటు డ్రైవర్లకు కూడా కుట్లు వేశాను. వారి నోట పదేపదే విన్న మాట ఒక్కటే: ‘రెప్ప ఎప్పుడు పడిందో తెలియలేదండీ.’ వారు అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే తెలియదు.

‘మా వాడికి అలవాటే, రాత్రంతా నడుపుతాడు’ అని బండి యజమానులు గర్వంగా చెబుతారు. నిద్రలేమికి శరీరం అలవాటు పడదు. నిద్రలేమిని గుర్తించే శక్తి మాత్రమే మందగిస్తుంది. ‘నేను బాగానే ఉన్నాను’ అని ఆ స్థితిలో ఉన్న మనిషి చెప్పే మాటకు, తాగినవాడు ‘నాకేమీ ఎక్కలేదు’ అని చెప్పే మాటకు ఉన్నంత విలువే ఉన్నది. టీ, కాఫీ అప్పును తీర్చవు. అప్పులవాడు తలుపు తట్టే చప్పుడు కాసేపు వినపడకుండా చేస్తాయి. అద్దం దించుకోవడం, పాటలు గట్టిగా పెట్టడం, ముఖం మీద నీళ్ళు చల్లుకోవడం వల్ల కలిగే మేలు కొద్ది నిమిషాలది.

మరొక ముఖ్య విషయం. ప్రయాణంలో వాంతులు రాకుండా వేసుకునే అవోమిన్ వంటి మాత్రలు, జలుబుకు వేసుకునే సెట్రిజిన్, అవిల్ వంటి మాత్రలు నిద్ర తెప్పిస్తాయి. కొండ చలికి డ్రైవరు తుమ్ముతుంటే జాలిపడి మన సంచిలోని మాత్ర ఒకటి ఇస్తాము. ఆ జాలి ప్రమాదకరం. అదే విధంగా చక్కెర వ్యాధికి మాత్రలో, ఇన్సులినో వాడుతున్న డ్రైవరు, మనందరి భోజనాలు అయ్యే దాకా ఆగి మూడు గంటలకు తింటే, ఈ లోపు రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు, చూపు మసక, తికమక కలుగుతాయి. స్టీరింగు ముందు ఆ తికమకకు రెండవ అవకాశం ఉండదు. గట్టిగా గురక పెట్టి, పగలు కునికే స్థూలకాయుడైన డ్రైవరుకు స్లీప్ ఏప్నియా అనే వ్యాధి ఉండవచ్చు. అటువంటివాడు ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర తీరదు. అతడు తప్పక వైద్యునికి చూపించుకోవాలి.

డెల్టా నైపుణ్యం కొండకు చాలదు

మన డ్రైవర్లు తక్కువవారని నేను అనడం లేదు. ఇరుకు కాలువ గట్ల మీద ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే అంగుళం తేడాతో తప్పించగల చేతులు వారివి. కాని రాజోలు నుండి రావులపాలెం దాకా మన సీమలో ఘాట్ రోడ్డు ఒక్కటి కూడా లేదు. ఏడాదికి నాలుగైదు సార్లు మాత్రమే కొండ ఎక్కేవాడు, నిద్రలేని స్థితిలో, మంచులో ఎక్కుతున్నాడు.

కొండ దిగడం ఎక్కడం కంటే కష్టం. నాలుగు టన్నుల బండి 900 మీటర్ల ఎత్తు నుండి దిగేటప్పుడు వదలవలసిన శక్తిని లెక్క కడితే, అది నూటికి పైగా లీటర్ల నీటిని మరిగించగల వేడి అవుతుంది. ఎక్కిన గేరులోనే, అనగా చిన్న గేరులోనే దిగితే ఆ భారంలో పెద్ద వంతు ఇంజను భరిస్తుంది. డీజిలు కలిసివస్తుందని పెద్ద గేరులోనో, న్యూట్రల్‌లోనో వదిలి, కాలు బ్రేకు మీద ఉంచి దిగితే ఆ వేడి అంతా బ్రేకుల మీద పడుతుంది. కాలిన వాసన వస్తుంది. ఆ తరువాత తొక్కినా బ్రేకు పట్టదు. మరునాడు పత్రికలో ‘బ్రేకులు ఫెయిలై’ అని వస్తుంది. మంచి కండిషనులో ఉన్న బ్రేకులు కూడా ఇలా విఫలం కాగలవు. ఏ గేరులో దిగాలన్నది క్షణక్షణం తీసుకోవలసిన నిర్ణయం. అలసిన మెదడు ముందుగా కోల్పోయేది అటువంటి నిర్ణయశక్తినే.

మన కళ్ళ ముందు జరిగినవి

2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. 2019 అక్టోబరు 15న మారేడుమిల్లి, చింతూరు మధ్య ఘాట్‌లో కర్ణాటకలోని చిత్రదుర్గ ప్రాంతం నుండి వచ్చిన బృందం వాహనం లోయలో పడినది. 2021 ఫిబ్రవరి 12న అరకు చూసి తిరిగి వస్తున్న హైదరాబాదు బృందం బస్సు అనంతగిరి మండలం డముకు వద్ద పడిపోయినది. 2022 మార్చి 26 రాత్రి ధర్మవరం నుండి నిశ్చితార్థానికి బయలుదేరిన బస్సు తిరుపతి సమీపాన భాకరాపేట ఘాట్‌లో పడినది. 2025 డిసెంబరు 12న తెల్లవారుజామున, భద్రాచలం దర్శించుకుని అన్నవరం వైపు వస్తున్న చిత్తూరు జిల్లా యాత్రికుల బస్సు మళ్ళీ ఆ చింతూరు, మారేడుమిల్లి ఘాట్‌లోనే పడినది.

ఇవన్నీ నిద్రలేమి వల్లనే జరిగినవని నేను చెప్పడం లేదు. కారణాలను నిర్ణయించవలసినది విచారణాధికారులు. కొండగట్టు సంగతిలో బస్సు కిక్కిరిసి ఉన్నదన్నది అందరికీ తెలిసినదే. నేను చెప్పేది, ఘాట్ రోడ్డు మానవుని పొరపాటును క్షమించే స్థలం కాదని. సమతలం మీద రెప్ప పడితే బండి పొలంలోకి దిగవచ్చు. కొబ్బరి చెట్టు ఆపవచ్చు. కొండ మీద ఆపేది ఏదీ ఉండదు.

ప్రమాదం జరిగిన తరువాత వైద్యుని చేతిలో ఉండేది మొదటి గంట. తల లోపల, పొట్ట లోపల రక్తస్రావమైనవారిని శస్త్రచికిత్స చేయగల చోటికి ఎంత త్వరగా చేర్చగలిగితే అంత ఆశ. ఘాట్‌లో అనేక చోట్ల ఫోను సిగ్నలు అందదు. 108కు కబురు చేయడానికే ఎవరో ఒకరు సిగ్నలు ఉన్న చోటికి పోవాలి. లోయ నుండి పైకి మోయాలి. మారేడుమిల్లి వైపు అయితే రంపచోడవరం, చింతూరు ఆసుపత్రులు ప్రథమ చికిత్స చేసి రాజమండ్రికో, కాకినాడకో పంపాలి. అరకు వైపు అయితే మళ్ళీ ఆ ఘాట్ దిగి విశాఖ చేరాలి. ఆ గంట దారిలోనే అయిపోతుంది. అక్కడి వైద్య సిబ్బంది చేయగలిగినంత చేస్తారు. దూరాన్ని మాత్రం తగ్గించలేరు. అందుచేత ఈ జబ్బుకు నివారణే చికిత్స.

నాకు ఎదురయ్యే వాదనలు

‘అంతా తలరాత డాక్టరు గారూ, మన చేతిలో ఏముంది?’ అంటారు. మీరు తిరుమల వెళ్ళేటప్పుడు ఈ మాట ఎందుకు అనరు? 1944లో వచ్చిన మొదటి ఘాట్ రోడ్డు, 1974లో వచ్చిన రెండవ ఘాట్ రోడ్డు, ఒకటి దిగడానికి, ఒకటి ఎక్కడానికి వేరు చేశారు. అర్ధరాత్రి వేళ దారి మూసివేస్తారు. బండి ఎన్ని నిమిషాలలో పోయినదో చూసి, మరీ త్వరగా చేరితే జరిమానా వేస్తారు. సాక్షాత్తు వేంకటేశ్వరుని కొండ మీదనే తలరాతకు వదలకుండా ఇన్ని నియమాలు పెట్టుకున్నాము, ఎదురు మాట లేకుండా పాటిస్తున్నాము. మన్యం కొండల దగ్గరకు వచ్చేసరికి మాత్రం తలరాత గుర్తుకు వస్తున్నది.

‘రెండో డ్రైవరు అంటే ఖర్చు’ అంటారు. రెండో డ్రైవరు బత్తా, ఇద్దరికీ ఒక గది అద్దె ఇరవై మందికి పంచి చూడండి. తలకు ఒక పూట హోటలు భోజనం పాటి అవుతుంది. చలిమంటకు, అద్దెకు తెచ్చే స్పీకర్లకు, బృందమంతటికీ ఒకే రంగు టీషర్టులకు పెట్టే డబ్బు అంతకంటే తక్కువ కాదు.

‘మాకు ఉన్నవి రెండు రోజుల సెలవులే’ అంటారు. ఇది నిజమైన ఇబ్బంది. ఉద్యోగులకు, దుకాణదారులకు అంతకంటే వీలుపడదు. కాని దీనికి జవాబు డ్రైవరు నిద్రను కోయడం కాదు, చోట్లను కోయడం. రెండు రోజులలో లంబసింగి, అరకు రెండూ చూడనక్కరలేదు. ఒకటి ఈ ఏడు, ఒకటి వచ్చే ఏడు. కొండ ఎక్కడికీ పోదు. పైగా మరొక దారి ఉన్నది. మన సీమకు రైలు లేదు గాని, రాజమండ్రిలోనో, సామర్లకోటలోనో ఎక్కి విశాఖ చేరి, ఉదయం బయలుదేరే కిరండూల్ రైలులో సొరంగాల మీదుగా అరకు పోవచ్చు. ఆ లోయలను కిటికీలో నుండి నిశ్చింతగా చూడవచ్చు. అక్కడ పగటిపూట స్థానికుల జీపులు మాట్లాడుకుంటే, ఆ మలుపులలో పుట్టి పెరిగినవాడే నడుపుతాడు; ఆ ఇంట నాలుగు రూపాయలు పడతాయి.

‘రోడ్డు బాగోలేదు, గోడలు లేవు, ప్రభుత్వాన్ని అడగండి’ అంటారు. తప్పక అడుగుదాము. ప్రమాదకర మలుపుల వద్ద బలమైన రక్షణ గోడలు, ఫోను టవర్లు కావాలి. రాత్రి వేళ పర్యాటక వాహనాలను ఘాట్ మొదట్లోనే ఆపివేసే పద్ధతి కావాలి. హోటళ్ళలో డ్రైవర్లకు పడకలు కావాలి. తమిళనాడు ప్రభుత్వం 2023లో తన భవన నిర్మాణ నియమాలను సవరించి, హోటళ్ళు, లాడ్జీలు అతిథుల డ్రైవర్లకు పడక, స్నానపు గదుల వసతి కల్పించాలని నిర్దేశించినది. మనకూ అటువంటి నియమం రావాలి. అరకు, లంబసింగి, మారేడుమిల్లిలలో కొత్తగా లేస్తున్న ప్రతి రిసార్టుకూ అది వర్తించాలి. కాని ఆ నియమం వచ్చే దాకా మన డ్రైవరును చలిలో బండిలో పడుకోబెట్టమని ఏ ప్రభుత్వమూ మనకు చెప్పలేదు.

చట్టం సంగతి కూడా గుర్తు చేస్తాను. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే పనివేళలను సాధారణంగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలుగా నిర్ణయించి, 5 గంటల తరువాత కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలన్నది. దూరప్రయాణాలకు ఇచ్చిన సడలింపు కూడా రోజుకు 10 గంటల దాకానే. 1988 మోటారు వాహనాల చట్టం 91వ సెక్షను డ్రైవర్ల పనివేళలకు ఆ పరిమితులనే వర్తింపజేసినది. ఆరు దశాబ్దాల క్రితమే పార్లమెంటు గుర్తించిన శరీరధర్మాన్ని, ఒకటి రెండు బండ్లు ఉన్న యజమాని, రెండు రోజుల సెలవు ఉన్న బృందం కలిసి పక్కన పెడుతున్నారు. ప్రమాదం జరిగితే కేసు డ్రైవరు మీద పెడతారు. అతడు బ్రతికి ఉంటే జైలు, లేకుంటే నింద. ఆ కార్యక్రమ పత్రం వ్రాసినవారి పేరు ఏ ఎఫ్.ఐ.ఆర్.లోనూ ఉండదు.

అడ్వాన్సు ఇచ్చే ముందు

బృంద నాయకులకు, ఇంటి పెద్దలకు నా సూచనలు ఇవి.

1. బయలుదేరే ముందు రాత్రి డ్రైవరు కనీసం ఏడు గంటలు మంచం మీద పడుకుని ఉండాలి. ముందు రోజు అతనికి వేరే కిరాయి వేయనని యజమాని చేత మాట తీసుకోండి.

2. రాత్రి పదకొండు నుండి ఉదయం ఐదు వరకు బండి కదలరాదు. ఘాట్ ఎక్కడం, దిగడం సూర్యుడు ఉండగానే. సూర్యోదయం చూడాలంటే ముందు రోజు పగలే చేరి, అక్కడ పడుకుని లేచి చూడండి.

3. ఒక రోజున నడిపే సమయం ఎనిమిది గంటలు దాటితే ఇద్దరు డ్రైవర్లు ఉండాలి. వెనుక సీటులో కుదుపులలో పడుకున్నది పూర్తి నిద్ర కిందికి రాదు.

4. గదులు మాట్లాడేటప్పుడు మొదటి గది డ్రైవరుది. భోజనంలో మొదటి విస్తరి డ్రైవరుది. రాత్రి పది తరువాత అతనిని ఏ పనికీ లేపకండి.

5. దారిలో అతడు పదేపదే ఆవులిస్తున్నా, కళ్ళు నలుపుకుంటున్నా, బండి గీత దాటుతున్నా వెంటనే భద్రమైన చోట ఆపించండి. ఇరవై నిమిషాలు పడుకోనివ్వండి. లేచిన తరువాత మరో ఇరవై నిమిషాలు ఆగి, మత్తు వదిలాక బయలుదేరనివ్వండి. ఇది కాసేపటి ఉపశమనం మాత్రమే. ఆ రోజుకు దగ్గరి ఊరిలో ఆగిపోవడమే సరైన పని.

6. దిగేటప్పుడు చిన్న గేరు. బ్రేకు కాలిన వాసన వస్తే ఆపి, పూర్తిగా చల్లారనివ్వాలి. సీటు బెల్టులు ఉన్న బండినే మాట్లాడండి, పెట్టుకోండి. ఘాట్‌లో నడవలో నిలబడి నృత్యాలు వద్దు. అవి డ్రైవరు దృష్టిని చెదరగొడతాయి.

వీటిలో ఒక్కదానికి కూడా వైద్యుడు అవసరం లేదు. కావలసినది ఒక మనిషి నోరు తెరిచి అడగడం. మన బృందాలలో సాధారణంగా అలా అడిగేది ఏ తల్లో, ఏ పెద్దావిడో. ‘బాబూ, కాస్త ఆగి పడుకో’ అని ఆమె అంటే మిగిలినవారు నవ్వుతారు, భయస్తురాలంటారు, పాట పెద్దది చేస్తారు. ఆ బండిలో వైద్యశాస్త్రం మాట్లాడుతున్నది ఆమె ఒక్కతే. ఆమె మాట వినండి.

మరొక విన్నపం బండి యజమానులకు. మీ డ్రైవరు మన ఊరివాడే. అతనికీ భార్యాపిల్లలు ఉన్నారు. ‘రాత్రి ప్రయాణం చేయము’ అని మీరు ఒక్కరు బోర్డు పెడితే మొదట నాలుగు కిరాయిలు పోవచ్చు. అందరూ కలిసి పెడితే ఎవరికీ పోవు. మీ సంఘాలు కూర్చుని ఈ ఒక్క తీర్మానం చేయగలిగితే, ఏ ఆసుపత్రీ చేయలేనంత ప్రాణరక్షణ చేసినవారవుతారు.

వచ్చే వారమో, వచ్చే నెలో మీ వీధిలో కూడా ఒక కార్యక్రమ పత్రం తయారవుతుంది. అందులో చూడవలసిన చోట్ల వరుస ఉంటుంది, టిఫిన్ల వేళలు ఉంటాయి. దానికి ‘డ్రైవరు నిద్ర: రాత్రి పది నుండి ఉదయం ఐదు, గది సంఖ్య ఇంత’ అని ఒక్క వరుస చేర్చమని అడగండి. చేర్చితే సంతోషంగా వెళ్ళి రండి. చేర్చకపోతే ఆ బండి ఎక్కకండి, మీ వారిని ఎక్కనీయకండి.